సెప్టెంబరు 17: పేరు పెట్టగానే వాదన అయిపోయినట్టేనా?

నల్లరేగడి:
మా అపార్ట్‌మెంట్ గ్రూపులో సెప్టెంబరు 17కి మెసేజ్ రాసే పని నా మీద పడింది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన రోజు అని రాశాను. గంటలో మూడు సవరణలు వచ్చాయి. ‘విమోచన’ అనాలని ఒకరు, ‘విలీనం’ అని ఒకరు, ‘సమైక్యత’ అని ఇంకొకరు. ప్రభుత్వాలదీ ఇదే తంతు. 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపితే, అదే రోజు రాష్ట్రం సమైక్యతా దినం జరిపింది. 2024కి రాష్ట్రంలో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. ఇవన్నీ ఒకే సంగతికి పేర్లా, లేక పేరులోనే తీర్పు ఉందా?

ఓరుగల్లు బిడ్డ:
తీర్పు ఏముందన్నా ఇందులో? నిజాం వైపు ఆయుధాలు పట్టిన రజాకార్ల భయానికి మా తాత ఊరు విడిచి అడవిలో తలదాచుకున్నాడు. ఆయనకు అది విమోచనే. ‘విలీనం’ అంటే నీళ్లలో ఉప్పు కరిగినట్టు, ఎవరికీ దెబ్బే తగలనట్టు ఉంటది.

పాత సంచిక:
ఉప్పు పోలిక బాగుంది తమ్ముడూ. విలీనంలో చేసినవాడు కనపడడు, ఒప్పుకుంటాను. కానీ విమోచనలో కనపడేవాడు బయటివాడు. విముక్తి జనం తామే సాధించుకోవచ్చు, విమోచన అంటే ఎవరో వచ్చి విడిపించాలి. 1946 నుంచి నిజాం పాలన మీద కొట్లాడిన రైతులు ఆ ఒక్క మాటతో పక్కకు పోతారు. వాళ్ల సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. చివరి మూడేళ్లు ఎవరి సైన్యంతో? పైగా 1950లో నిజామే రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధినేత, అయ్యాడు. అందుకే దీన్ని ‘విద్రోహం’ అనేవాళ్లూ ఉన్నారు.

ఓరుగల్లు బిడ్డ:
రాజప్రముఖ్ ముచ్చట నిజమే. అది ఢిల్లీ చేసిన పని. దానికోసం మా తాత తన మాట మార్చుకోవాలా?

గచ్చుబావి:
అందరూ దాటేసిన మాట ఒకటుంది: ‘పోలీసు చర్య’. ట్యాంకులు, విమానాలు, మేజర్ జనరల్ చౌదురి నడిపిన భారత సైన్యం. సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. అయినా జనం నోట్లో నిలిచింది పోలీస్ యాక్షనే. యుద్ధం అంటే ఇంకో దేశం మీదికి పోయినట్టు. హైదరాబాద్ అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది కూడా. పోలీసులు అనేసరికి మనింటి గొడవ అయిపోయింది! నా లెక్కలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా తెలివైన మాట అదే.
మా నానీకి (అమ్మమ్మకి) ఆ మాట వింటేనే వణుకు. ఆ రోజుల్లో, ఆ తర్వాత జరిగిన హత్యల్లో 27 వేల నుంచి 40 వేల మంది పోయారని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీయే అంచనా వేసింది. పోయినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. మీ మూడు సవరణల్లో వాళ్లకు చోటెక్కడ?

ఓరుగల్లు బిడ్డ:
ఆ లెక్క నాకు తెలియదు. మా ఇంట్లో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

నల్లరేగడి:
చివరికి ‘అందరికీ సెప్టెంబరు 17 నమస్కారాలు’ అని పెట్టాను. ‘ఇంతకీ మీరు ఎటువైపు సార్?’ అని కింద అప్పుడే రెండు రిప్లైలు.