కిడ్నీ ఇచ్చాక మొదటి ఆరు వారాలు: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ల్యాప్రోస్కోపీ (చిన్న కోతల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) పద్ధతిలో కిడ్నీ ఇవ్వబోయే దాత కోసం అడుగుతున్నాను. 0.8 ఉన్న క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఆపరేషన్ తర్వాత 1.2 దాకా పెరగొచ్చనీ, అది జబ్బు కాదనీ తెలుసు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రల జోలికి పోకూడదనీ తెలుసు. ఆరు వారాలపాటు 4-5 కిలోలకు మించి ఎత్తొద్దంటారు, అదీ సరే. కిడ్నీని బయటికి తీసిన కోత దగ్గర హెర్నియా (లోపలి పేగు బయటికి ఉబ్బడం) వచ్చే ప్రమాదం ఉంది కదా.

తెలియాల్సినవి చిన్న విషయాలు. పొట్టలో నింపిన గ్యాస్ వల్ల భుజం లాగేస్తుందట. నడిస్తే ఎన్ని రోజులకు తగ్గింది? మంచం మీంచి లేచేటప్పుడు ఒక పక్కకు ఒత్తిగిలి, కోత మీద దిండు అదిమిపట్టి, మోచేతి ఊతంతో లేస్తే నిజంగా సులువేనా? దగ్గొచ్చినప్పుడూ ఆ దిండే దిక్కా?

ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలకు మలబద్ధకం రావచ్చు, ముక్కితే కుట్ల మీద భారం. విరేచనం మెత్తబరిచే మందు మొదటి రోజే అడిగి తీసుకోవాలా? ఇంకొకటి, చాలామంది సిగ్గుపడి అడగనిది: కిడ్నీ తీసిన వైపు వృషణం నొప్పి, వాపు కొందరికి వస్తాయి. మీకు వస్తే ఎన్నాళ్లున్నాయి, స్కాన్ చేయించారా?

డ్రైవింగ్ ఎప్పుడు మొదలెట్టారో కూడా చెప్పండి. సడన్ బ్రేక్ వేస్తే పొట్ట పట్టేయని రోజు ఎప్పుడొచ్చిందన్నదే అసలు ప్రశ్న.