జాక్సన్ హైట్స్‌లో రినోవేట్ చేసిన ఇల్లు: అడిగినంత అద్దె ఇచ్చి చేరడం సబబేనా?

క్వీన్స్‌కి కొత్త:
న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో సింగిల్ బెడ్‌రూమ్ ఒకటి చూశాం. 1930లలో కట్టిన ఆరంతస్తుల బిల్డింగ్. కిచెన్, బాత్రూమ్, ఫ్లోరింగ్ అన్నీ కొత్తగా చేశారు. అద్దె 2,900 డాలర్లు. కిందికి దిగితే 74వ వీధి, మన సరుకులు, ఐదు లైన్ల ట్రైన్లు. మా ఆవిడకి బాగా నచ్చింది. కానీ పక్కింట్లో నేపాలీ కుటుంబం ఎన్నో ఏళ్ళుగా ఉంటోంది. ఇదే సైజు ఇల్లు, దాదాపు సగం అద్దె. అది తెలిశాక మనసు ఒప్పట్లేదు. మనలాంటివాళ్ళం అడిగినంత ఇచ్చి చేరితే అలాంటి కుటుంబాలకి ఆ పేటలో చోటు లేకుండా పోదా?

మన్‌హాటన్ ఉద్యోగి:
అన్నా, తీసేసుకో. నువ్వు కాకపోతే రేపు ఇంకొకడు చేరతాడు, అద్దె మాత్రం తగ్గదు. బాగుచేసిన ఇంటికి నాలుగు డబ్బులెక్కువ అడగడం ఎక్కడైనా ఉన్నదే.

సన్నీసైడ్ వాసి:
నేను ఒప్పుకోను. తిబెత్, ఈక్వడార్, బంగ్లాదేశ్, కొలంబియా వాళ్ళందరూ పక్కపక్కనే బతికే చోటు అది. ఆ సందడి చూసే మనం వెళ్తాం, మన జీతాలు చూసి ఓనర్లు అద్దెలు పెంచుతారు, చివరికి వాళ్ళే ఖాళీ చేయాల్సి వస్తుంది. వేరే చోట చూసుకోండి.

ఎల్మ్‌హర్స్ట్ అక్క:
ఇద్దరూ ఇంత వాదించారు గానీ, ఆ ఇల్లు రెంట్ స్టెబిలైజ్డ్ (అంటే అద్దె పెంపుకి చట్టం హద్దు పెట్టిన ఇల్లు) అవునా కాదా అని ఒక్కరూ అడగలేదు. తమ్ముడూ, ముందు అది తేల్చుకో.

ఈ సిటీలో 1974కి ముందు కట్టి, ఆరు లేదా అంతకు మించి ఇళ్ళున్న అద్దె బిల్డింగులు చాలావరకు ఆ చట్టం కిందికే వస్తాయి. అద్దె ఏటా ఎంత పెరగాలో సిటీ అద్దెల బోర్డు చెప్తుంది, ఓనర్ ఇష్టం కాదు. నేపాలీ వాళ్ళు సగం అద్దెలో ఉన్నారంటే బహుశా అందుకే. మరి అదే బిల్డింగులో మీ ఇంటికి ఇంత రేటు ఎలా వచ్చింది?

2019కి ముందు దానికి రాచబాట ఉండేది. పాతవాళ్ళు ఖాళీ చేయగానే 20 శాతం దాకా పెంచేవారు. పైగా రినోవేషన్ ఖర్చులో, 35 ఇళ్ళు దాటిన బిల్డింగయితే అరవయ్యో వంతు, చిన్నదయితే నలభయ్యో వంతు ప్రతి నెలా అద్దెలో కలిపేవారు, అదీ శాశ్వతంగా. 60,000 డాలర్లు ఖర్చయిందని చూపిస్తే పెద్ద బిల్డింగులో నెలకి 1,000 పెరిగినట్టే. అద్దె ఒక హద్దు దాటాక (చివర్లో అది సుమారు 2,775) ఖాళీ అయిన ఇల్లు చట్టం నుంచే బయటపడేది. ఎన్ని కుటుంబాలు అలా కొత్త టైల్స్ కోసం ఊడ్చుకుపోయాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. 2019 జూన్‌లో ఆ దారి మూసేశారు. 2024 అక్టోబర్ నుంచి ఉన్న రూల్ ప్రకారం రినోవేషన్ ఖర్చు 15 ఏళ్ళలో 30,000 వరకే లెక్కలోకి వస్తుంది, పాతికేళ్ళకి పైగా ఒకే కుటుంబం ఉన్న ఇల్లు లాంటి కొన్నిటికి 50,000. పెద్ద బిల్డింగులో ఇప్పుడు కలిపేది నూట ఎనభయ్యో వంతే, అంటే 30,000కి నెలకి దాదాపు 167 డాలర్లు. కాబట్టి ఈ మధ్యే ఖాళీ అయిన ఇంటికి అద్దె ఒక్కసారిగా రెట్టింపయితే అనుమానించాల్సిందే.

స్టెబిలైజ్డ్ ఇంటికి లీజుతో పాటు రైడర్ అనే కాగితం ఇవ్వాలి. మునుపటి అద్దె ఎంత, దానిమీద దేనికి ఎంత పెంచారు అన్నీ అంకెలతో ఉంటాయి. సంతకానికి ముందే అడుగు. ఈ చట్టం వర్తించదంటే ఎందుకో రాసిమ్మను. అక్కడి పాత గార్డెన్ బిల్డింగుల్లో చాలా కో-ఆప్‌లున్నాయి (అంటే ఉండేవాళ్ళే వాటాదారులుగా నడిపే బిల్డింగులు), ఫ్లాట్ సొంతదారు అద్దెకిస్తుంటే మామూలుగా వర్తించదు. అది న్యాయమైన జవాబే.

సన్నీసైడ్ గారూ, తమ్ముడు ఇల్లు వదిలేస్తే నేపాలీ వాళ్ళకి ఒరిగేదేముంది? అదే చేరి, స్టేట్ హౌసింగ్ ఆఫీసు నుంచి రెంట్ హిస్టరీ తెప్పించుకుంటే (ఉచితమే, పోస్టులో ఇంటికొస్తుంది), ఎక్కువ గుంజుతున్నారని తేలితే కంప్లైంట్ ఇవ్వొచ్చు. అద్దె దిగితే తర్వాత వచ్చే కుటుంబానికీ ఆ తక్కువ అద్దె నుంచే లెక్క మొదలవుతుంది.

మన్‌హాటన్ ఉద్యోగి:
అక్కా, వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ టెన్షన్ అవసరమా? కంప్లైంట్ ఇస్తే ఏడాది తిరిగేసరికి ఖాళీ చేయమంటారు.

ఎల్మ్‌హర్స్ట్ అక్క:
స్టెబిలైజ్డ్ ఇంట్లో లీజు రెన్యూ చేయించుకోవడం మన హక్కు, కంప్లైంట్ ఇచ్చామని పంపేయడానికి లేదు. వీసాతో ఈ చట్టానికి పనేం లేదు. మనవాళ్ళు నోరెత్తరని తెలిసే ఓనర్లు ధైర్యం చేస్తున్నారు.

క్వీన్స్‌కి కొత్త:
ఏజెంటుని రైడర్ అడిగాను. "చూసి చెప్తా, ఈలోగా డిపాజిట్ పంపండి, వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారు" అన్నాడు.

ఎల్మ్‌హర్స్ట్ అక్క:
కాగితం చేతికొచ్చేదాకా ఒక్క డాలర్ పంపకు. వచ్చాక కూడా డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు, అప్లికేషన్ ఫీజు 20 డాలర్లు దాటకూడదు. ఏజెంటుని పెట్టుకున్నది ఓనరయితే 2025 జూన్ 11 నుంచి ఏజెంటు ఫీజు ఓనరే కట్టుకోవాలి. ఇంకో సంగతి, కిచెన్ కొత్తదే గానీ బాయిలర్ పాతదే అయ్యుంటుంది. చలికాలంలో హీట్ సరిగ్గా వస్తుందా అని ఆ నేపాలీ వాళ్ళనే అడిగి చూడు.