బాప్తిస్మం తీసుకుని ఎస్సీ సర్టిఫికెట్ వదిలేస్తానంటున్నాడు మావాడు, ఏం చెప్పాలి?

యర్రగుంట్ల అమ్మ

అందరికీ వందనాలు. మాది కడప జిల్లా, యర్రగుంట్ల దగ్గర ఒక పల్లె. ఊరి పేరు రాయను. రాస్తే ఇల్లు దాకా కనుక్కునే మనుషులున్నారు మా దగ్గర. నేను ప్రొద్దుటూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. మా ఆయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేస్తాడు.

మా పుట్టింటివాళ్లు జమ్మలమడుగు సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం). మా జేజినాయన నాటి నుంచీ క్రైస్తవులం. నా సర్టిఫికెట్ బీసీ-సి, అంటే ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లకూ వాళ్ల సంతానానికీ ఇచ్చేది. మా ఆయనది ఎస్సీ. ఆయన క్రిస్మస్‌కూ గుడ్ ఫ్రైడేకూ మందిరంలోకి వస్తాడు. మిగతా ఆదివారాలు మమ్మల్ని బండి మీద దింపేసి టీ అంగడి దగ్గర పేపరు చదువుకుంటాడు. బాప్తిస్మం తీసుకోలేదు. గంగమ్మ జాతరకు పొట్టేలు తెచ్చేదీ ఆయనే. ఇవన్నీ పెళ్లికి ముందే మాట్లాడుకున్నాం కాబట్టి నాకు పేచీ లేదు. పిల్లలకు తండ్రిదే కదా అని ఎస్సీ అనే రాయించాం. బాప్తిస్మం మాత్రం పెద్దయ్యాక వాళ్లిష్టం అనుకున్నాం.

ఇప్పుడు పెద్దోడు పెద్దవాడయ్యాడు. డిగ్రీ ఆఖరు సంవత్సరం. ఎస్సై కావాలని పొద్దున నాలుగింటికే లేచి కాలేజీ గ్రౌండులో పరుగెత్తుతుంటాడు. ఈ ఈస్టర్‌కు బాప్తిస్మం తీసుకుంటాడట, ఆ వెంటనే సచివాలయంలో బీసీ-సికి దరఖాస్తు పెడతాడట. "ఆదివారం ఒక మాట, సోమవారం ఒక కాగితం. నావల్ల కాదు మా" అంటాడు. వాళ్ల నాయన మాత్రం "ముందు ఉద్యోగం రానీ. తర్వాత పెన్నలో మునుగుతావో కుందూలో మునుగుతావో నీ ఇష్టం" అన్నాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకుంటున్నారు.

ఇది ఇంతదాకా రావడానికి ఒక సంగతి జరిగింది. ప్రతి నెలా 30న ఊళ్లలో సివిల్ రైట్స్ డే అని పెడతారు, మీకు తెలిసే ఉంటుంది. మా కాలనీలోనూ పెట్టారు. తహసీల్దారు, ఎస్సై వచ్చారు. షామియానా వేసి, రెండు గ్లాసులు పెడితే కేసు, గుడిలోకి రానీకుంటే కేసు అని మైకులో చెప్పి అందరికీ టీ ఇచ్చారు. (మా ఊరి హోటల్లో రెండు గ్లాసుల గొడవ ఎప్పుడో తీరిపోయిందిలెండి. మనసులు మారి కాదు, పేపరు కప్పులు వచ్చి.) సందేహాలుంటే అడగమన్నారు. మావాడు లేచి, "సార్, నేను బాప్తిస్మం తీసుకున్నాక ఎవడైనా నన్ను కులం పేరుతో తిడితే ఈ కేసు నిలబడుతుందా?" అన్నాడు. ఎస్సై తహసీల్దారు వైపు చూశాడు. ఆయన కప్పు కింద పెట్టి "అది వేరే విషయం బాబూ, ఆఫీసుకు రా, మాట్లాడదాం" అన్నాడు. మైకు ఇంకొకరికి ఇచ్చేశారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. మా ఆయన తల తిప్పుకున్నాడు. ఆ నవ్వినవాళ్లు మా కాలనీవాళ్లే, అందులో ఇద్దరు మా మందిరానికే వస్తారు. నాకు ఎక్కువ బాధైంది అక్కడే.

దేవుని దగ్గర అబద్ధమాడొద్దని వాడికి నేర్పించింది నేనే. సండే స్కూల్లో వాడికి వాక్యాలు కంఠతా పట్టించిందీ నేనే. ఇప్పుడు "కొన్నాళ్లు ఆగరా" అని నేనే అంటే వాడి ముఖం ఎట్ల చూడాల? అలాగని ఉద్యోగం గురించి నాకు భయం లేదని కూడా చెప్పను. నైట్ డ్యూటీలు చేసి చదివించుకున్నా. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. చట్టం సంగతీ చెప్పండి, బిడ్డల్ని పెంచినవాళ్లుగానూ చెప్పండి.

కర్నూలు వకీలు

అమ్మా, మీ అబ్బాయి ప్రశ్నకు తహసీల్దారు చెప్పకుండా దాటేసిన జవాబు నేను చెబుతాను. అట్రాసిటీ కేసైతే, అంటే ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టే కేసైతే, నిలబడదు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. హిందువులు కానివాళ్లు ఎస్సీలు కారన్నది దాని సారం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. ఎస్టీలకు ఈ షరతే లేదు, ఏ మతంలోకి వెళ్లినా ఎస్టీనే.

మీ ఆయనకు చెప్పాల్సిన సంగతి ఇంకొకటి. కాగితం దగ్గరుంటే చాలనుకుంటున్నారు ఆయన. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు గుంటూరు జిల్లాకు చెందిన ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. ఆయన దగ్గర ఎస్సీ సర్టిఫికెట్ ఉంది, దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. అయినా క్రైస్తవుడిగా బతుకుతున్నాడు కాబట్టి ఆ చట్టం రక్షణ లేదన్నారు. అంతకుముందు 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని, క్రమం తప్పకుండా చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం ఎస్సీ అడగడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. మన రాష్ట్రంలో 1993 చట్టం కింద తప్పుడు సర్టిఫికెట్‌ను కలెక్టరు రద్దు చేయొచ్చు. ఉద్యోగం వచ్చాక ఏ పక్కింటివాడో అర్జీ పెట్టినా విచారణ మొదలవుతుంది. బాప్తిస్మం తీసుకుని పాత కాగితంతో ఎస్సై అయితే, పదవీ విరమణ దాకా ఆ టెన్షన్ తప్పదు.

బాప్తిస్మం తీసుకోకుండా మందిరానికి వెళ్లడం వేరు. ఇంట్లో యేసు ఫొటో ఉన్నంత మాత్రాన మతం మారినట్టు కాదని 2023లో బాంబే హైకోర్టు ఒక అమ్మాయి కేసులో చెప్పింది. కాబట్టి ఈరోజు వరకూ మీవాడి దగ్గరున్న సర్టిఫికెట్ తప్పుడుదేమీ కాదనే నా అభిప్రాయం.

బీసీ-సికి వెళ్తే ఏం పోతుందంటే: ఎస్సీలకు 15 శాతం, బీసీ-సికి 1 శాతం. అట్రాసిటీ చట్టం ఉండదు. ఎస్సీ రిజర్వుడు స్థానాల్లో నిలబడలేడు. హాస్టలు, స్కాలర్‌షిప్పు లాంటి రాయితీలకు మాత్రం 1977 నాటి జీవో 341 ఉంది, అవి పోవు.

అన్నట్టు, అట్రాసిటీ చట్టం ఒక్కటే చట్టం కాదు. సివిల్ రైట్స్ డే ఏ చట్టం పేరు మీద జరుగుతోందో ఆ 1955 పౌరహక్కుల రక్షణ చట్టంలో, అంటరానితనం పేరుతో "ఏ వ్యక్తినైనా" అడ్డుకుంటే నేరమని ఉంది. రాజ్యాంగం 17వ అధికరణమూ మతం అడగదు. తేడా ఎక్కడంటే, బాధితుడు ఎస్సీ అయితే అంటరానితనం వల్లే చేశారని కోర్టు ముందే భావిస్తుంది. మీవాడైతే అది తనే రుజువు చేసుకోవాలి. చెప్పినంత తేలిక కాదది. అయినా తహసీల్దారు "వేరే విషయం" అనకుండా ఇది చెప్పి ఉండాల్సింది.

ఇక ఈ మత షరతు మారుతుందా అంటారా. 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషన్లున్నాయి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత షరతు తీసేయమంది. 2022లో ఇదే విషయం మీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులనూ ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసి పంపింది. వీటిని నమ్ముకుని పరీక్షలు ఆపుకోవద్దు.

గుత్తి కుర్రోడు

ఆంటీ, నేను పుట్టుకతోనే బీసీ-సి. ఊళ్లో ఇంతవరకూ నన్ను బీసీ అన్నవాడు లేడు. అనంతపురంలో గదికోసం తిరిగినప్పుడు ఓనరు "మీరేంట్లు?" అన్నాడు, క్రిస్టియన్స్ అన్నాను. "అది సరే, అంతకుముందు?" అన్నాడు. అంతకుముందు అంటే మా ముత్తాత. ఆయన పోయి ఎన్నేళ్లయిందో మా నాయనకే తెలీదు.

పెళ్లి సంబంధాల పేజీలో చూడండి, "ఆర్‌సీఎం రెడ్డి వధువు కావలెను" అని ఉంటుంది, అంటే రోమన్ క్యాథలిక్ రెడ్డి. వాళ్లు ప్రభువును నమ్మినా రెడ్డి రెడ్డిగానే ఉంటాడు, పొలం పొలంగానే ఉంటుంది. పోగొట్టుకునేది మనం మాత్రమే. మీవాడిని తీసుకోమనండి. కానీ దీన్ని త్యాగం అని మందిరంలో సాక్ష్యం చెప్పొద్దనండి, చప్పట్లు కొట్టేది ఎస్సీ కోటాలో ఉద్యోగాలు చేసేవాళ్లే.

పులివెందుల

అక్కా, నేను ఎస్సీ, హిందువుని. నిష్ఠూరంగా ఉన్నా ఒక మాట చెప్తా. 2025లో వర్గీకరణ చేసి ఆ 15లో రెల్లివాళ్లకు 1, మాదిగలకు 6.5, మాలలకు 7.5 అని పంచారు. మా పిల్లలు దానికోసమే కొట్లాడుకుంటున్నారు. మా పక్క ఊళ్లో ఆదివారం ప్రసంగం చేసేవాడే ఎస్సీ రిజర్వుడు సీట్లో వార్డు మెంబరు. మీకు కష్టమే, కాదనను. కానీ చర్చికి పోయేవాళ్లకూ ఎస్సీ ఇవ్వాలంటే కోటా పెంచి ఇవ్వమని అడగండి, మా దాంట్లోనుంచి కాదు. మీవాడు తనంతట తాను తప్పుకుంటానంటున్నాడు చూడు, వాడిమీద నాకు గౌరవం.

నంద్యాల అయ్యగారు

సహోదరీ, అబ్బాయిని తొందరపడవద్దని చెప్పండి. విశ్వాసం హృదయానికి సంబంధించినది. పౌలు కూడా కొరడాలతో కొట్టబోయినప్పుడు తాను రోమీయుడినని చెప్పుకున్నాడు కదా, చివరికి కైసరు దగ్గరికే అప్పీలు చేసుకున్నాడు. దేశం ఇచ్చిన హక్కు వాడుకోవడం పాపం కాదు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాను.

అనంతపురం సోషల్ మాస్టారు

రిటైరయ్యాను. క్లాసులో మార్టిన్ లూథర్ కింగ్ పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలకు ఆయన ఉపన్యాసమే గుర్తుండేది. నాకు మాత్రం ఆయన తండ్రిగా రాసింది గుర్తుంటుంది. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో తన ఆరేళ్ల కూతురి సంగతి ఉంటుంది. టీవీలో ఫన్‌టౌన్ అనే పార్కు ప్రకటన చూసి తీసుకుపొమ్మంటుంది. నల్లపిల్లల్ని అక్కడికి రానివ్వరని చెప్పలేక తండ్రి నోరు తడబడుతుంది. ఆయనా పాస్టరే, ఆయన నాన్నా పాస్టరే.

ఆ తర్వాతి నెలలోనే, మే 2న, అదే ఊళ్లో బడిపిల్లలు వందల కొద్దీ పదహారో వీధి బాప్టిస్టు చర్చి నుంచి ఊరేగింపుగా బయటికి వచ్చారు. పెద్దవాళ్లు నడిస్తే పనుల్లోంచి తీసేస్తారు, అందుకని పిల్లలు నడిచారు. మర్నాడు పోలీసులు కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ పైపులతో నీళ్లు కొట్టారు. ఆ సెప్టెంబరు 15న, ఆదివారం, అదే చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. తల్లిదండ్రుల భయం ఉత్తది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీ ఆయన్ని పిరికివాడు అనుకోకండి.

ఒక్క తేడా మాత్రం నన్ను కుదురుగా ఉండనీయదు. 1964లో అక్కడ పౌరహక్కుల చట్టం వచ్చినప్పుడు, అది కావాలంటే చర్చి వదిలిపెట్టి రమ్మని ఎవరూ అనలేదు. అసలు ఆ ఉద్యమం నడిచిందే చర్చి మెట్ల మీద నుంచి.

యర్రగుంట్ల అమ్మ

అందరికీ వందనాలు. డ్యూటీ వల్ల ఆలస్యమైంది.

వకీలు గారు రాసింది రాత్రి అన్నం తినేటప్పుడు మా ఆయనకు చదివి వినిపించా. హైకోర్టు కేసు దగ్గర ముద్ద ఆపి, "అంటే కాగితం ఉన్నా లేనట్టేనా?" అన్నాడు. మళ్లీ చదవమన్నాడు. చదివా. "అట్లయితే మునిగినాక ఆ కాగితంతో ఉద్యోగంలో చేరడం ఇంకా ప్రమాదం కదా" అని ఆయనే అన్నాడు. బాప్తిస్మానికి ఒప్పుకున్నాడా అంటే లేదు, ఇంకో ఏడాది ఆగమంటున్నాడు. కానీ ఈ మాట నాతో కాకుండా కొడుకుతోనే నేరుగా చెప్పాడు.

అయ్యగారూ, మీరు పౌలు గురించి చెప్పింది మావాడికి చూపించా. కోపగించుకోవద్దు, వాడన్నది వాడి మాటల్లోనే రాస్తున్నా: "పౌలు పుట్టుకతో రోమీయుడు కాబట్టి రోమీయుడినన్నాడు. క్రైస్తవుణ్ని కాదని మాత్రం ఏ శతాధిపతి దగ్గరా చెప్పలేదు." నాకు జవాబు తోచలేదు, మీకు తోస్తే రాయండి.

పులివెందుల తమ్ముడూ, నీ మాటలో న్యాయముంది. కాకపోతే మా జేజినాయన కూడా మీ జేజినాయన తాగిన దొప్పలోనే తాగాడు. ఆ పూట ఇద్దరినీ ఒకే అరుగు కింద నిలబెట్టారు. ఇప్పుడు ఒకరి వాటా ఇంకొకరు లాక్కుంటున్నామని మనమే తగువులాడుకుంటున్నాం.

నేనైతే ఒకటి నిశ్చయించుకున్నా. ఆగమని నా నోటితో చెప్పను. ఈస్టర్‌కే కావాలంటే ఈస్టర్‌కే. సివిల్ రైట్స్ డే రోజు అడిగిన ప్రశ్నను కాగితం మీద పెట్టి తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోమన్నా. ఆ 1955 చట్టం మాట కూడా అందులో రాయమన్నా. గుత్తి బాబూ, సాక్ష్యం సంగతి వాడికి చెప్పా, నవ్వాడు.

వకీలు గారూ, ఒక్కటి చెప్పండి. బీసీ-సి దరఖాస్తుకు నా సర్టిఫికెట్ చాలా, బాప్తిస్మం సర్టిఫికెట్ కూడా కావాలా? సచివాలయంలో ఒకరు ఒకటి, మీసేవలో ఇంకొకరు ఇంకొకటి చెప్తున్నారు.

కర్నూలు వకీలు

రెండూ పెట్టండమ్మా, తండ్రి ఎస్సీ సర్టిఫికెట్ నకలు కూడా జతచేయండి. బీసీ-సి అంటేనే ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లూ వాళ్ల సంతానమూ కాబట్టి, మూలం చూపించాలి. విచారణకు వీఆర్వో వచ్చిన రోజు మీ ఆయన ఇంట్లో ఉంటే మంచిది.