‘గుడ్’ సినిమాల ప్రొఫెసర్‌ను ఏమనాలె?

హన్మకొండ నుంచి అడుగుతున్న. 2008ల వచ్చిన ‘గుడ్’ రాత్రి చూసిన. హిట్లర్ కాలం జర్మనీల హాల్డర్ సాహిత్యం చెప్పే సారు, ఇంట్ల రోగిష్టి తల్లి. కారుణ్య మరణం మీద రాసిన నవల నాజీలకు నచ్చుతది. ఆడికెళ్లి ఒక్కో మెట్టు. యూదు దోస్తు మారిస్ దేశం దాటించుమంటే మాట మారుస్తడు. దుర్మార్గుడా, పిరికోడా?

జవాబు: పిరికోడే. 1933 ఏప్రిల్ చట్టంతోటి యూదు సర్కారు ఉద్యోగులను తీసేస్తే, ఆ కుర్చీలల్ల కూసున్నది ఇసుంటోళ్లే.

జవాబు: నేను రిటైరైన లెక్చరర్‌ను. ఓసారి తోటి సారును తీసేసే కాగితం మీద సంతకం పెట్టిన. సంక్రాంతికి ఆయనింట్ల సకినాలు తిన్నోన్ని! నాజీలతోటి పోల్చుకోను, గంత పెద్ద మాటొద్దు. కానీ ఆ సినిమా సగంల ఆపేసిన.

అడిగినోన్ని: ఆయన మళ్ల కలిసిండా సార్?

జవాబు: ములుగు రోడ్డుల కనవడ్డడు. “బాగున్నవా అన్నా” అన్నడు. నేనే సందులకు మలిగిన.