అప్‌డేట్: లింకులో నంబర్ మారిస్తే వేరే పిల్లల మెమో తెరుచుకునే సమస్య తీరింది

నెల కిందట దీని గురించి ఇక్కడ అడిగింది నేనే. మా కాలేజీ పోర్టల్లో ఒక పేరెంట్ తన బాబు మెమో లింకు చివర 1041 తీసేసి 1042 కొడితే ఇంకో అమ్మాయి మెమో వచ్చేసింది, ఫొటో, వాళ్ల నాన్న ఫోన్ నంబర్‌తో సహా. సాయం చేసిన అందరికీ థాంక్సండీ.

"ముందు ఆ పేజీ ఆపేయండి, లాగ్స్ (ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో సర్వర్ రాసుకునే రికార్డు) కాపీ తీసుకోండి, రిపేరు తర్వాత" అన్న సలహానే కాపాడింది. మా సర్వర్లో లాగ్స్ 14 రోజులకే చెరిగిపోతున్నాయి.

సెక్యూరిటీ మేడమ్ చూసి తేల్చింది ఇదీ: డౌన్‌లోడ్ పేజీ లాగిన్ అయ్యారా అని మాత్రమే చూస్తోంది, ఆ మెమో వాళ్లదేనా అని చూడట్లేదు. నంబర్ల బదులు పొడవాటి కోడ్ పెడతామన్నారు సాఫ్ట్‌వేర్ వాళ్లు. అదొక్కటే చాలదు, లింకు ఎవరికైనా ఫార్వర్డ్ అయితే మళ్లీ అదే కథ. సర్వర్లోనే చెక్ పెట్టించాం. ఒకరి లింకు ఇంకొకరి అకౌంట్లో తెరిచి చూశా, 403 వచ్చింది, అంటే "మీకు అనుమతి లేదు" అని.

పాస్‌వర్డ్‌లన్నీ మార్పించడం, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైట్‌కి వెళ్లే దారిని భద్రంగా ఉంచేది) గొడవ, వీటికీ దీనికీ సంబంధమే లేదు.

లాగ్స్‌లో 37 మెమోలు ఒకే అకౌంట్ నుంచి వరుసగా దిగాయి. ఆ 37 ఇళ్లకూ మేమే ఫోన్ చేశాం. "పాప ఫోన్ నంబర్ మార్చేయమంటారా సార్?" అని ఒకామె అడిగితే నాకు మాట రాలేదు.

ఇలాంటిది మనకి తెలిసిన 6 గంటల్లోపే సర్ట్-ఇన్‌కి (సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్పాలని వాళ్ల 2022 ఆదేశాల్లో ఉంది. మేం ఆలస్యం చేశాం, మీరు చేయకండి.