దేవుడుంటే ఆ గేటు ఎందుకు లేవలేదు?

హంద్రీగట్టు (కర్నూలు):
2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ వచ్చి మీద పడేసరికి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కూడా కొట్టుకుపోయింది. అక్కడ ఒక గేటు పనిచేయనేలేదు. రాజంపేట దగ్గర పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీదికి చెయ్యేరు నది వచ్చిపడింది. పోయినవాళ్లలో దీపాలు పెట్టడానికి గుడికి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. దండం పెట్టుకోవడానికి లేచినవాళ్లనే నీళ్లు తీసుకుపోతే ఆ దండం ఎవరికి ముట్టినట్టు?
ప్రశ్న కొత్తదేం కాదు. గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద చాలాకాలంగా చెప్పుకుంటున్నదే. చెడును ఆపాలని ఉండీ ఆపలేకపోతే దేవుడికి శక్తి లేదు. ఆపగలిగీ ఆపకపోతే మంచితనం లేదు. రెండూ ఉంటే ఈ చెడు ఎక్కడిది? లీల, పరీక్ష, కర్మ అనే మూడు మాటలు వాడకుండా ఎవరైనా జవాబు చెప్పండి.

కారందోశ (కడప):
ఆ మూడూ తీసేస్తే ఇంక మిగిలేది ప్రసాదమే అన్నా.

చెయ్యేటివాలు (రాజంపేట):
నేను ఆ ఏటి పక్కోణ్ణి. మా చేలో మేట వేసిన ఇసుక ఇంకా పూర్తిగా తీయలేదు. మా ఊళ్లలో మళ్లీ ఏడాది కూడా దీపాలు పెట్టారు. పోగొట్టుకున్నోళ్లే పెట్టారు. వాళ్లకు లేని అనుమానం కర్నూల్లో కూర్చున్న నీకెందుకొచ్చింది?
అసలు సంగతి చెప్తా విను. ఆ ప్రాజెక్టుకు ఐదు గేట్లు. ఒకటి పనిచేయలేదు. రాజ్యసభలో కేంద్రమంత్రే చెప్పిన మాట ఇది. గేటుకు మరమ్మతు చేయాల్సింది శివుడు కాదు కదా. మనిషి చేసిన తప్పు తీసుకుపోయి దేవుడి ఖాతాలో రాస్తావు, రాసిన తర్వాత దేవుడే లేడంటావు. లేనోడి పేరు మీద ఖాతా ఎట్ల తెరిచినావప్పా?

హంద్రీగట్టు:
అన్నా, గేటు మనిషిదే, ఒప్పుకుంటా. వాన ఎవరిది? 2009లో అదునులో వానల్లేక అందరూ ఆకాశం వైపు చూశారు. అక్టోబరు 2న చూస్తే తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి మా కర్నూలును ముంచాయి. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలానికి 25 లక్షలు దాటి వచ్చింది. మంత్రాలయం మఠంలోకి కూడా నీళ్లొచ్చాయి. అడిగినప్పుడు లేదు, వద్దన్నప్పుడు ముంచింది. దీంట్లో ఏ మనిషి స్వేచ్ఛ ఉంది?
ఇంకొకటి. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు కాబట్టి చెడు తప్పదు అనేవాళ్లకు 1955లోనే మాకీ అనే ఆస్ట్రేలియా తత్వవేత్త ఒక ప్రశ్న వేశాడు. స్వేచ్ఛ ఉండి కూడా ఎప్పుడూ మంచే ఎంచుకునే మనుషులను దేవుడు ఎందుకు చేయలేదు? అన్నీ చేతనైనవాడికి ఇది చేతకాదా?

గుత్తిటీచర్ (అనంతపురం జిల్లా):
మాకీ ప్రశ్నకు అమెరికా తత్వవేత్త ప్లాంటింగా జవాబు చెప్పాడు కదండీ, 1970ల్లో. ఎప్పుడూ మంచే ఎంచుకునేలా దేవుడే ఏర్పాటు చేస్తే అది ఎంచుకోవడం ఎలా అవుతుంది అని. చెడు, దేవుడు రెండూ ఉండటంలో తర్కపరంగా వైరుధ్యం లేదని చూపించడం వరకే ఆయన పని. ఎందుకు ఉందో చెప్పలేదు.

హంద్రీగట్టు:
వైరుధ్యం లేదని తేలితే పులపత్తూరులో ఎవరికి ఏం ఒరిగిందమ్మా?

తత్వంమాష్టారు (ప్రొద్దుటూరు):
అందరికీ నమస్కారం. ఈ ప్రశ్న గ్రీకులదే అన్నట్టు మాట్లాడుతున్నారు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం, మొదటి పాదం, 34వ సూత్రం దీని గురించే. ఒకణ్ణి సుఖంగా, ఒకణ్ణి కష్టంలో పుట్టించే ఈశ్వరుడికి పక్షపాతం, దయలేనితనం అంటవా అని ప్రశ్న. అంటవు, ఆయన జీవుల కర్మను బట్టి నడిపిస్తాడు అని సమాధానం. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిది అంటే, సంసారానికి మొదలే లేదని తర్వాతి సూత్రం. శంకరులు భాష్యంలో ఈశ్వరుణ్ణి వానతో పోల్చారు. వాన అన్ని విత్తనాలకూ సమానంగానే పడుతుంది. వరి వరిగా, యవలు యవలుగా మొలవడానికి కారణం విత్తనంలో ఉంది. హంద్రీగట్టు గారు కర్మ అనే మాట వాడొద్దన్నారు, కానీ మన దగ్గరున్న ముఖ్యమైన జవాబునే ముందుగా నిషేధించి చర్చకు పిలవడం న్యాయం కాదు.

బుడ్డలచేను (అనంతపురం జిల్లా):
సార్, వాన అందరికీ సమానంగా పడుతుందని చెప్పినాయన మా జిల్లా చూడలేదనుకుంటా. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వస్తే గొప్ప. కొండలకు అవతల కురిసి ఇటు ఖాళీ మబ్బులొస్తాయి. మా ఊర్లో గట్టుకు ఈ పక్క పడి ఆ పక్క పడకపోవడం నేను కళ్లారా చూసినా.

తత్వంమాష్టారు:
అది పోలిక నాయనా. ఒకే చేలో పడిన వాన గురించి చెప్పింది.

బుడ్డలచేను:
ఒకే చేలో కూడా మెరక, పల్లం ఉంటుంది సార్. పల్లంలో బుడ్డలు (వేరుశనగ) కుళ్లిపోతాయి, మెరకలో ఊడలు దిగవు. విత్తనం ఒకే సంచిలోదే. మరి విత్తనం తప్పేముంది?

కారందోశ:
ఇది వ్యవసాయ శాఖకు పంపండి సామీ.

దర్గాబజార్ (కడప):
మా దాంట్లో అయ్యూబ్ ప్రవక్త కథ ఉంది. ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోయినా ఓర్పు వదల్లేదు. ఎందుకు అనే దానికి జవాబు ఆయనకూ దొరకలేదు. జవాబు లేకుండా నమ్మడం కూడా ఒక నమ్మకమే. దీనికి ఇంత గొడవ దేనికి?

గుత్తిటీచర్:
బైబిల్లో ఆయనే యోబు. అందరూ యోబు ఓర్పు గురించి చెప్తారు గానీ ఆఖరి అధ్యాయం చదవరు. నీ పాపం వల్లే నీకు ఇదంతా జరిగిందని వాదించిన స్నేహితుల మీద దేవుడు కోప్పడతాడు. మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు, యోబు మాట్లాడాడు అంటాడు. దేవుణ్ణి నిలదీసినవాడు యోబు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లు స్నేహితులు. మాష్టారు గారు దీని గురించి ఒకసారి ఆలోచించాలి.

హంద్రీగట్టు:
అదే ఆఖరి అధ్యాయంలో యోబుకు మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు పుట్టారని కూడా ఉంది. లెక్క సరిపోయింది. పోయిన పదిమంది సంగతి ఎవరు అడిగారు? పాత ఫోన్ పోతే కొత్తది ఇచ్చినట్టు పిల్లల్ని ఇస్తారా?

గుత్తిటీచర్:
ఇది నాకూ మింగుడుపడదండీ. బడిలో పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఆ వాక్యం దగ్గర తొందరగా దాటేస్తాను.

చెయ్యేటివాలు:
చూస్తున్నా పొద్దుట్నించి. ఎవరేం చెప్పినా దాంట్లో ఒక పుల్ల లాగి పక్కన పెడుతున్నావు. నీకు జవాబు కాదు కావాల్సింది, కసి. నీ ఇంట్లో ఏదో జరిగుంటుంది, అది తెచ్చి దేవుడి మీద రుద్దుతున్నావు. ఎవరి కర్మ వాళ్లది, అనుభవించాలి.

హంద్రీగట్టు:
జరిగింది. చెప్తా, విను.
మా చెల్లెలి కూతురు. ఆరేళ్లు. డెంగ్యూ. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. రాత్రంతా ప్లేట్‌లెట్లు పడిపోతూనే ఉన్నాయి, డ్యూటీలో ఉండాల్సిన డాక్టరు ఫోనులోనే ఉన్నాడు. తెల్లారి వేరే ఆసుపత్రికి రాసిచ్చారు. దారిలోనే అయిపోయింది. ఆ బాధలోనే మా చెల్లి ఫిర్యాదు రాసింది. నేనే టైపు చేయించా. దినాల రోజు వచ్చిన ఒక పెద్దమనిషి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పోయిన జన్మలో ఏ తల్లినో ఏడిపించి ఉంటావు తల్లీ, దానికి ఎవర్ని అని ఏం లాభం అన్నాడు. నువ్వు ఇప్పుడన్న మాటే. వారం తిరక్కుండా అది ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. నా పాపానికి వాళ్లేం చేస్తారన్నా అంది. డాక్టరు హాయిగా ఉన్నాడు, ఆసుపత్రికి ఇంకో అంతస్తు లేచింది. పాపం మాత్రం మా చెల్లిది.
ఇప్పుడు చెప్పు, నాది కసేనా?

కారందోశ:
…

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు ఆపండి. ఇంకొక్కటి వస్తే చర్చ మూసేస్తాను.

దర్గాబజార్:
అన్నా, ఆ మాటన్నోడిది మతం కాదు. బిడ్డకు జన్నత్ దక్కాలి.

తత్వంమాష్టారు:
చాలా బాధ కలిగింది. ఒక్కమాట మాత్రం చెప్పాలి. కర్మ అనేది మనిషి తన గురించి తాను ఆలోచించుకోవడానికి. ఎదుటివాడికి తీర్పు రాయడానికి కాదు. ఎవరి ఏ కర్మ ఎప్పుడు పండుతుందో మనకు తెలియదని ఒప్పుకుంటూనే, దుఃఖంలో ఉన్న తల్లికి అది చూసినట్టు చెప్పడం అహంకారం. సూత్రం మీద ఆ నింద వేయకండి.

హంద్రీగట్టు:
సార్, మీ మీద గౌరవం ఉంది. కానీ సూత్రం మీ బీరువాలో ఉంటుంది, ఆ మాట దినాల దగ్గర తిరుగుతుంది. తిరిగే మాటకు నేను జవాబు చెప్పుకోవాలి.
1755 నవంబరు 1న పోర్చుగల్‌లో లిస్బన్ భూకంపం వచ్చింది. అదీ పండగ రోజే, సకల పునీతుల పండగ. జనం పొద్దున్నే చర్చిల్లో ఉన్నారు. కప్పులు కూలాయి, తర్వాత సముద్రం వచ్చింది, దాని వెంట మంటలు. మరుసటి ఏడాది మలగ్రిడా అనే మతగురువు ఒక పుస్తకం వేశాడు. ఇది మీ పాపాల వల్లే వచ్చింది, పునర్నిర్మాణం గొడవ కట్టిపెట్టి ముందు ప్రాయశ్చిత్తం చేసుకోండి అని. అదే ఏడాది తత్వవేత్త రూసో ఫ్రెంచి రచయిత వోల్టేర్‌కు రాసిన ఉత్తరంలో, ఆరేసి ఏడేసి అంతస్తుల ఇళ్లు ఇరవై వేలు ఒకచోట కట్టింది ప్రకృతి కాదు కదా అన్నాడు. మన గేటు కథే. రూసో దేవుణ్ణి నమ్మినవాడే, ఆయనతో నాకు పేచీ లేదు. నా పేచీ మలగ్రిడాతో. మన దగ్గర ఊరికొకడున్నాడు.

బుడ్డలచేను:
అన్నా, దీంట్లో ఒకటి నాకు తేడాగా ఉంది. ధాత కరువు వచ్చింది కదా, 1876 నుంచి 78 దాకా. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎండిపోయినాయి, అప్పుడు మా అనంతపురం బళ్లారిలోనే ఉండేది. ఇక్కడ జనం చస్తుంటే ఓడల్లో ధాన్యం బయటికి పోతానే ఉంది. టెంపుల్ అనే దొర వచ్చి కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలని కూలి తగ్గించినాడు. ఆ దొరలు కర్మ అనలేదు, పాపం అనలేదు. వ్యాపారంలో సర్కారు చెయ్యి పెట్టకూడదు, అది ప్రకృతి నియమం అన్నారు. చేతులు దులుపుకోవాలనుకున్నోడికి దేవుడే కావాలనేం లేదు. దేవుణ్ణి తీసేస్తే ఆ డాక్టరు ఇంకొకటి చెప్తాడు. వైరస్సు అంటాడు, మ్యుటేషన్ అంటాడు.

హంద్రీగట్టు:
వైరస్సు అంటే రిపోర్టు చూపించమంటా, అడగొచ్చు. పోయిన జన్మ అంటే ఏం చూపించమని అడిగేది?

చెయ్యేటివాలు:
ఆ పెద్దమనిషి మూర్ఖుడు, వాడి సంగతి వదిలెయ్. ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు.
మా వీధిలో ఒక ముసలాయన ఉన్నాడు. ఆ రోజు కొడుకు, కోడలు ఇద్దరూ పోయారు. పరిహారం డబ్బులు వచ్చాయి. ఆయన డబ్బు అడగడు. ఎవరికి శిక్ష పడింది నాయనా అని అడుగుతాడు. కనపడినోళ్లందర్నీ అదే అడుగుతాడు. నేను ఏమని చెప్పాలి? ఆఫీసర్లు మారారు, ఫైలు ఎక్కడుందో తెలియదు అని చెప్పాలా? పైన ఒకడు లెక్క రాసుకుంటున్నాడు పెద్దాయనా, ఎవడూ తప్పించుకోలేడు అని చెప్తా. ఆ మాట విన్నాక అన్నం తింటాడు. నువ్వు వచ్చి అది కూడా తీసేస్తే ఆయన చేతిలో ఏం పెడతావు? ఎపిక్యూరస్‌నా?
నాకు దేవుడు కావాల్సింది వాన ఎందుకొచ్చిందో చెప్పడానికి కాదు. కింద కోర్టులో తేలదని నాకు తెలుసు. పైన కూడా ఎవరూ లేకపోతే ఆ గేటు సంగతి ఎప్పటికీ తేలదు. దానికి నేను ఒప్పుకోను.

గుత్తిటీచర్:
ఇప్పటికి వచ్చారు ఇద్దరూ అసలు విషయానికి. కోపం ఇద్దరిదీ ఒకటే. తప్పు చేసినవాడు దొరక్కూడదా అని.

హంద్రీగట్టు:
ఒకటి కాదమ్మా. పైన లెక్క ఉంది అనుకున్నవాడు కింద లెక్క అడగడు. మా ఇంట్లో చూశాను. ముసలాయన అన్నం తింటున్నాడు, సంతోషమే. దాంతోపాటు ఆ ఆఫీసరు కూడా నిమ్మళంగా తింటున్నాడు.

చెయ్యేటివాలు:
ఎవడు చెప్పినాడు అడగడని? సమాచార హక్కు కింద గేటు మరమ్మతు కాగితాలు అడుగుతూ దరఖాస్తు పెట్టింది నేనే. పౌర్ణమికి దీపం పెట్టి వచ్చి రాసినా. జవాబు సగమే ఇచ్చారు, అప్పీలుకు పోయినా. నమ్మితే చేతులు ముడుచుకుంటారని నీ ఒక్క చెల్లెల్ని చూసి ఎట్ల తేల్చావు?

హంద్రీగట్టు:
నీలాంటోళ్లు ఊరికి ఒకరు. మా చెల్లిలాంటోళ్లు ఇంటికి ఒకరు.

బుడ్డలచేను:
ఇది నిజం. కానీ దేవుణ్ణి నమ్మనోళ్లలో దరఖాస్తు పెట్టినోళ్లు ఊరికి ఎంతమంది? అదీ లెక్క తీయాల కదా.

తత్వంమాష్టారు:
మంచి ప్రశ్న.

బుడ్డలచేను:
సార్, వాన సంగతికి మాత్రం మీరింకా జవాబు చెప్పలేదు.

దేవరపంతులు (కొత్త సభ్యుడు):
దేవుడున్నాడనడానికి 100 శాతం రుజువు నా దగ్గర ఉంది. ఇన్‌బాక్స్‌కి రండి.

కారందోశ:
ఉచితమేనా అన్నా, జీఎస్టీ ఏమైనా ఉందా?

చెయ్యేటివాలు:
హంద్రీగట్టూ, ఆ ఫిర్యాదు జిరాక్సు ఉందా? వెనక్కి తీసుకుంటే అయిపోయిందని కాదు. వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి.

హంద్రీగట్టు:
జిరాక్సు ఉంది. రెండేళ్లు దాటిపోయింది.

గుత్తిటీచర్:
ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఒప్పుకునే వీలు చట్టంలోనే ఉందండీ. విడిగా ఒక దరఖాస్తు రాయాలి. ముందు మీ చెల్లెలు ఒప్పుకోవాలి.

హంద్రీగట్టు:
కారణం ఏమని రాయాలమ్మా? పోయిన జన్మ పాపమని చెప్పి నమ్మించారని రాయాలా?

చెయ్యేటివాలు:
అట్లే రాయి. లాయరు వద్దంటాడు, అయినా రాయి. కేసు నంబరు పడితే ఇక్కడ పెట్టు, వాయిదాకు నేనూ వస్తా. అక్కడ కూడా నీతో వాదిస్తా, దేవుడు లేడన్నావంటే.