పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: వెనకాల నడిచే సర్వీసుల్లో ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి?

ప్రశ్న: బ్రాడీపేట_గుంటూరు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి డిగ్రీ చదువు కోసం ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని, అందులో లినక్స్ మింట్ 22 ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్‌డిస్క్. బ్రౌజర్, లిబ్రేఆఫీస్, పాఠాల వీడియోలు, తెలుగు టైపింగ్ తప్ప తనకు వేరే అవసరాలు లేవు. నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచే వస్తుంది. ఇంట్లో ప్రింటర్ లేదు; ప్రింట్ కావాలంటే పెన్‌డ్రైవ్ తీసుకుని అరండల్‌పేటలోని జిరాక్స్ షాపుకు వెళతాం. ఆన్ చేశాక వాడుకోవడానికి సిద్ధమయ్యేసరికి రెండు నిమిషాలు దాటుతోంది. నడుస్తున్న సర్వీసుల జాబితా చూస్తే కప్స్, అవాహీ, మోడెమ్‌మేనేజర్, పోల్‌కిట్ అంటూ తెలియని పేర్లే ఎక్కువ. వీటిలో ఏవి ధైర్యంగా ఆపవచ్చో, వేటి జోలికి పోకూడదో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: వన్‌టౌన్_బెజవాడ

నమస్కారమండీ. ముందు జోలికి పోకూడనివి చెబుతాను. డీబస్, లాగిన్‌డీ, యుడెవ్, జర్నల్‌డీ, పోల్‌కిట్ సిస్టమ్‌కు పునాదిలాంటివి: వీటిలో ఏది ఆపినా లాగిన్ కాకపోవడమో, మౌస్ పనిచేయకపోవడమో, పాస్‌వర్డ్ అడగవలసిన చోట అడగకుండా పని ఆగిపోవడమో జరుగుతుంది. హాట్‌స్పాట్ వాడుతున్నారు కనుక నెట్‌వర్క్‌మేనేజర్‌తో పాటు వైఫై పాస్‌వర్డ్ పని చూసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ కూడా ఉండాలి. పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరుచుకోవడం యుడిస్క్స్ చేసే పని, బ్యాటరీ శాతం చూపించడం యూపవర్ చేసే పని. ఇంటెల్ ప్రాసెసర్ అయితే వేడిని అదుపు చేసే థర్మల్‌డీని కూడా ఉంచండి. మన మే నెల ఎండల్లో పాత ఫ్యాను మీదే భారమంతా వేయడం మంచిది కాదు.

నెట్ ద్వారా గడియారాన్ని సరిచేసే టైమ్‌సింక్‌డీ అనవసరమని చాలామంది ఆపేస్తారు. పాత ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎక్కడో వెనక్కి పోతుంది, దాంతో సర్టిఫికెట్లు చెల్లవంటూ బ్రౌజర్ మామూలు సైట్లను కూడా తెరవదు. కాబట్టి అది ఉండవలసిందే.

ఇక మీ ఇంటి అవసరాన్ని బట్టి తేల్చుకోవలసినవి కొన్ని. మోడెమ్‌మేనేజర్ సిమ్ వేసుకునే డాంగిళ్ల కోసం ఉన్నది. ఫోన్ హాట్‌స్పాట్‌కే కాదు, కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ చేసినా దానితో పని లేదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడకపోతే బ్లూటూత్ సర్వీసు కూడా అంతే. కప్స్ ప్రింటింగ్ కోసం, కప్స్-బ్రౌజ్‌డీ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్లను వెతకడం కోసం. ఈ రెండోదాన్ని ఆపమని గట్టిగా చెబుతాను. 2024 సెప్టెంబరులో దానిలో బయటపడిన లోపం ప్రకారం, నెట్‌వర్క్ నుంచి కబుర్లు అందుకునే 631 నంబరు ద్వారానికి (యూడీపీ పోర్టు) ఎవరు ఏ కబురు పంపినా నమ్మి, లేని ప్రింటర్‌ను చేర్చుకునేది. ఆ ప్రింటర్‌కు ఏదైనా పంపితే దాడి చేసేవాడి ఆదేశాలు మన యంత్రంలో నడిచేవి. అప్‌డేట్లలో సరిచేశారు, నిజమే, కానీ ప్రింటరే లేని ఇంట్లో ఆ తలుపు తెరిచి ఉంచడం ఎందుకు? ఫైలును పీడీఎఫ్‌గా దాచుకోవడానికి లిబ్రేఆఫీస్‌కు, ఫైర్‌ఫాక్స్‌కు కప్స్ అవసరం లేదు కనుక మీ జిరాక్స్ షాపు పనికి ఇబ్బంది రాదు. 5353 పోర్టు మీద వినే అవాహీ కూడా ఇంట్లోని ప్రింటర్లను, ఇతర కంప్యూటర్లను పేరుతో కనిపెట్టడానికే.

ఒక మెలిక గమనించండి. సర్వీసులను నడిపే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో సర్వీసును ఆపినా, కప్స్, అవాహీల వెంట కాపలా ఉండే సాకెట్ యూనిట్లు ఉంటాయి. ఎవరైనా తలుపు తట్టగానే అవి సర్వీసును మళ్లీ లేపుతాయి. కాబట్టి సర్వీసుతో పాటు సాకెట్‌ను కూడా ఆపి డిజేబుల్ చేయాలి, లేదా సర్వీసును మాస్క్ చేయాలి. మాస్క్ చేసినదాన్ని తిరిగి అన్‌మాస్క్ చేసేదాకా ఎవరూ లేపలేరు.

జవాబు: లక్ష్మీపురం_లినక్స్

పై వివరణ భద్రత దృష్ట్యా సరైనదే కానీ, మీరు అడిగినది వేగం గురించి. ఈ సర్వీసుల్లో చాలావరకు పని పడేదాకా నిద్రపోతూనే ఉంటాయి; నాలుగైదు ఆపినా మిగిలే మెమరీ బ్రౌజర్‌లో ఒక్క ట్యాబ్ తినే దానికి కూడా సరిపోదు. సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్ అని టైప్ చేసి, ఏ సర్వీసు ఎంత సమయం తీసుకుందో చూడండి. ఆ జాబితాలోని అంకెలను మాత్రం కూడవద్దు, ఎందుకంటే సర్వీసులు ఒకదాని తరువాత ఒకటిగా కాకుండా చాలావరకు పక్కపక్కనే మొదలవుతాయి. దేని కోసం ఏది ఆగిందో తెలియాలంటే అదే కమాండ్‌లో బ్లేమ్ బదులు క్రిటికల్-చెయిన్ అని పెట్టి చూడాలి.

బ్రాడీపేట_గుంటూరు

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్లేమ్ జాబితాలో అన్నిటికంటే పైన నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ ఉంది. దాన్ని ఆపితే నెట్ రాదేమోనని సందేహం. ఐబస్ అని కూడా ఒకటి కనిపిస్తోంది, అది ఉండాలా?

లక్ష్మీపురం_లినక్స్

వెయిట్-ఆన్‌లైన్‌ను నిస్సంకోచంగా డిజేబుల్ చేయండి. అది నెట్ తెచ్చేది కాదు, నెట్ వచ్చేదాకా కాచుకుని కూర్చునేది మాత్రమే. ఆన్ అయ్యేటప్పుడే సర్వర్‌లోని ఫోల్డర్లను తగిలించుకునే ఆఫీసు కంప్యూటర్లకు అది కావాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇంటికి అక్కర్లేదు. అయితే క్రిటికల్-చెయిన్‌లో అది లేకపోతే, ఆపినా మీ రెండు నిమిషాల్లో పెద్ద మార్పు కనిపించదు. అసలు ఆలస్యం ఆ హార్డ్‌డిస్క్‌దే కావచ్చు. దాని స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి, అన్ని సర్వీసులూ నడుస్తున్నా తేడా మీకే తెలుస్తుంది. వేయించాక ఎఫ్‌స్ట్రిమ్ టైమర్‌ను ఆపకండి. వారానికొకసారి ఎస్‌ఎస్‌డీకి ఖాళీ అయిన చోట్లు తెలియజేసేది అదే.

వన్‌టౌన్_బెజవాడ

ఐబస్ అంటే వేరే భాషల్లో టైప్ చేయడానికి తోడ్పడేది; దాని సంగతి మీ అమ్మాయి టైపింగ్ పద్ధతిని బట్టి ఉంటుంది. ఒక్కో మీటకు ఒక్కో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ అయితే కీబోర్డు లేఅవుట్ల జాబితాలో తెలుగును చేర్చుకుంటే చాలు, ఐబస్ లేకపోయినా పనిచేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ వంటి పద్ధతులైతే ఐబస్, దానితో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ ఉండాలి. తనను అడిగి తెలుసుకున్న తరువాతే దాన్ని ముట్టుకోండి.